పదిహేను మీటర్ల కేబుల్, రెండు కుర్చీలు

ఫిబ్రవరి 6

ప్రశ్నలపుట్టకి,

మామయ్య దీవెనలు. నీ దగ్గర్నుంచి ఒక్క ప్రశ్నా రాక చాలా రోజులైంది, ఒంట్లో బాగానే ఉందా? చిన్నప్పుడు క్యాబిన్‌లో నా కాళ్లకు అడ్డం పడుతూ, రీలు ఎందుకు తిరుగుతుంది, తెర ఎందుకు తెల్లగా ఉంటుంది అని నా ప్రాణం తీసినదానివి. ఇప్పుడు నేనే నిన్ను అడగాల్సిన రోజు వచ్చింది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఆఁ, ఆఁ" అన్నాను కదా, అందులో సగం నాకు వినబడలేదు. ఎడమ చెవి దాదాపు మూతపడింది. సినిమా మిషను ఎప్పుడూ నాకు ఎడమవైపే ఉండేది, అన్నేళ్లు ఆ హోరు విన్న చెవిని ఇప్పుడు అని లాభం లేదు. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. పైగా తప్పు విన్నావని నువ్వు నన్ను అనలేవు.

సంగతేంటంటే, నేనొక చిన్న ప్రొజెక్టరు కొన్నాను. మీ అత్త కుట్టుమిషను కన్నా చిన్నది. చూసి నవ్వొచ్చింది, మా పాత సినిమా హాల్లోని మిషను ముందు ఇది బొమ్మలా ఉంది. కానీ గోడ మీద వెలుగు వేస్తే నోరు మూసుకున్నాను.

ఎందుకు కొన్నానో నీకు చెప్పాలి. హాలు ఉన్నన్నాళ్లూ మీ అత్త కింద కౌంటర్లో టికెట్లు ఇచ్చేది, నేను పైన క్యాబిన్‌లో ఉండేవాణ్ణి. అన్ని సినిమాలు ఆడించాం గానీ, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆవిడ కౌంటరు తెరిచి ఉంచాలి, తర్వాత లెక్క అప్పజెప్పాలి. అవన్నీ ముగించుకుని పక్క తలుపులోంచి లోపలికొచ్చేసరికి కథ ఎక్కడికో వెళ్లిపోయేది. నాకేమో మిషను వదిలి కిందికి దిగే వీలు లేదు. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికితే హాలు మూతపడుతుంది.

మొన్న అల్మరా సర్దుతూ అంది, "ఏమండీ, మనిద్దరం కలిసి ఎప్పుడూ ఒక సినిమా చూళ్లేదు కదూ." కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. అరలో ఫలానా డబ్బా లేదని చెప్పినట్టు అంది. నాకు మాత్రం గుచ్చుకుంది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క సినిమా, ఆవిడ పక్కన, కుర్చీలోంచి లేవకుండా చూడాలి. అంతకన్నా నాకు వేరే కోరిక లేదు.

ముందుగదిలో తెల్లగోడే తెర. దాని ఎదురుగా రెండు కుర్చీలు. ప్రొజెక్టరు వెనకగదిలో ఉంటుంది, అడ్డగోడకి చిన్న కన్నం పెట్టించాను. సినిమాలు తెచ్చి ఇచ్చే పెట్టె తెర కింద స్టూలు మీద ఉంటుంది. ఆ పెట్టె నుంచి వెనకగదికి, గోడ వెంట తిప్పి తీసుకెళ్తే, మీ అత్త కుట్టు టేపుతో కొలిచాను, పదిహేను మీటర్ల కేబుల్ కావాలి. దుకాణంలో దండెం మీద బట్టల్లా బోలెడన్ని వేలాడుతున్నాయి. ఒకదానికి బంగారు తలలు, ఒకదానికి అల్లిక తొడుగు, ఒకదాని మీద ఏవేవో అంకెలు. ఏది కొనాలి?

త్వరగా రాయి. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకోవాలని మీ అత్త ఎప్పటినుంచో చూస్తోంది. ఎండలు ముదిరేదాకా నాకు గడువిచ్చింది.

ఇట్లు,
ఇంకా తెర వెలగని హాలు యజమాని,
మీ మామయ్య


ఫిబ్రవరి 15

మామయ్యకి,

ఒంట్లో బాగానే ఉంది, ప్రశ్నలే పేరుకుపోయాయి. ఈ వారమంతా ఒక ఆఫీసు మీటింగు గదిలో సీలింగులోకి తల దూర్చి తెర బిగిస్తున్నాను. అంత పెద్ద తెర మీద వాళ్లు చూసుకునేది గీతలూ గళ్లూనూ. నువ్వు చూస్తే తల పట్టుకుంటావు.

ముందు కేబుల్ సంగతి. నీకు కావాల్సింది హెచ్‌డీఎంఐ కేబుల్. బంగారు తలలు చూసి మోసపోకు, ఆ పూత తుప్పు పట్టకుండా ఉండటానికే. బొమ్మకి దానివల్ల ఒక్క రంగు కూడా ఎక్కువ రాదు. అల్లిక తొడుగు ఎలుకలు కొరక్కుండా కాస్త ఆపుతుందేమో. చూడాల్సింది పొడవు. లోపలుండేది రాగి తీగ. ఐదారు మీటర్ల దాకా ఢోకా లేదు, ఆ పైన బొమ్మని మోయలేక అలిసిపోతుంది.

అందుకని తేలికైన దారి చెప్తాను. ఆ పెట్టెని ముందుగదిలోంచి తీసి వెనకగదిలో ప్రొజెక్టరు పక్కన పెట్టు. రెండు మీటర్ల కేబుల్ చాలు, ఏ రకమైనా పనిచేస్తుంది. పదిహేను మీటర్లు నీకు అక్కర్లేనే లేదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. అసలు ప్రొజెక్టరు వెనకగదిలో ఎందుకు? నీ కుర్చీ పక్కనే బల్ల మీద పెట్టుకుంటే సరిపోదా? ఇంకొకటి, అత్తయ్య నిజంగా ఒక్క సినిమా మొదలు కూడా చూడలేదా? మరి కథ ఎలా అర్థమయ్యేది? ఇన్నేళ్లలో నాకు ఈ సంగతి ఎందుకు తెలియలేదు? సినిమా గురించి ఏది అడిగినా ఆవిడ ముగింపు నుంచే చెప్పేది, అది ఆవిడ అలవాటనుకున్నాను.

ఎడమ చెవి డాక్టరుకి చూపించు. "ఆఁ, ఆఁ" అనకుండా చూపించు.

నీ ప్రశ్నలపుట్ట


ఫిబ్రవరి 27

ప్రశ్నలపుట్టకి,

నీ ఉత్తరం వచ్చేలోపే కేబుల్ కొనేశాను. బంగారు తలలదే. దుకాణం అతను అంత గట్టిగా చెప్తుంటే కాదనలేకపోయాను. నువ్వు చెప్పిన దారి నాకు కుదరదు. పెట్టె ముందుగదిలోనే ఉండాలి, మిషను వెనకగదిలోనే ఉండాలి. ఎందుకని అడక్కు.

బొమ్మ వచ్చింది. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. కానీ దాని మీద వాన పడుతోంది. తెల్లటి మెరుపు చుక్కలు, చిటపటమని. పాతబడి గీతలు పడ్డ ప్రింటు వేస్తే మా హాల్లో ఇలాగే ఉండేది. మీ అత్త, "గొడుగు తెమ్మంటారా?" అంది. మెత్తటి గుడ్డ తీసుకుని కేబుల్ రెండు తలలూ తుడిచాను, కేబుల్ పొడుగునా తుడిచాను. వాన తగ్గలేదు. ఉన్నట్టుండి బొమ్మే పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది.

మూడోసారి పోయినప్పుడు మీ అత్త నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఈల వేసింది. బొమ్మ ఆగితే మా హాల్లో కుర్రాళ్లు వేసేవాళ్లు చూడు, అచ్చం అలాగే. ఆవిడకి ఈల వచ్చని ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియదు. నేను నవ్వలేక చచ్చాను. కానీ ఆ సాయంత్రమంతా నేను కుర్చీలో ఉన్నది తక్కువ, వెనకగదికి పరిగెత్తింది ఎక్కువ.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఫిలిం ఎంత పాడైనా మసగ్గా అయినా బొమ్మ నిలబడేది. ఇదేమిటి, అద్దంలా కనిపిస్తూ కనిపిస్తూ ఒక్కసారిగా మాయమవుతుంది?

నీ రెండో ప్రశ్న మీ అత్తనే అడిగాను. "లోపలికి వెళ్లేసరికి ఎవరో ఎవరినో తరుముతూ ఉండేవాడు, ఎందుకు తరుముతున్నాడో వెనక వరసవాళ్లని అడిగితే విసుక్కునేవాళ్లు. అందుకని అడగడం మానేసి నేనే ఒక కారణం అనుకునేదాన్ని" అంది. ఇన్ని సినిమాలకి ఇన్ని మొదళ్లు ఆవిడ సొంతంగా కల్పించుకుంది, చూడు.

ఇట్లు,
వానలో తడుస్తున్న మామయ్య


మార్చి 9

మామయ్యకి,

ఈల సంగతి చదివి హాస్టల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అత్తయ్య దగ్గర నేర్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయన్నమాట.

నీ ప్రశ్నకి జవాబు. ఫిలిం మీద ఉండేది బొమ్మ. కేబుల్లో పోయేవి బొమ్మ కాదు, లెక్కలు. ఏ చుక్క ఏ రంగులో ఉండాలో చెప్పే అంకెలు వరసగా పరిగెడుతుంటాయి. అన్నీ చేరితే బొమ్మ అద్దంలా ఉంటుంది. కొన్ని దారిలో తప్పిపోతే ఆ చుక్కలు మెరుస్తాయి, అదే నీ వాన. ఇంకా ఎక్కువ తప్పిపోతే ప్రొజెక్టరు చేతులెత్తేసి తెర నల్లగా చేసేస్తుంది. మసక అనేది ఇందులో లేదు. కాబట్టి గుడ్డతో తుడిచి కేబుల్ని హింసపెట్టకు, పాపం అది దాని శక్తికి మించిన దూరం మోస్తోంది.

నీకో మాట చెప్పనా, కోప్పడకు. పెట్టె వెనక్కి జరపనంటావు, మిషను ముందుకి తేనంటావు, ఎందుకో చెప్పనంటావు. గోడకి కన్నం పెట్టించావు. ఇంట్లో మళ్లీ క్యాబిన్ కట్టుకున్నావు మామయ్యా. అత్తయ్యని ముందు కూర్చోబెట్టి, నువ్వు వెనక ఆ కన్నంలోంచి చూస్తూ నిలబడతావు. అదే అయితే కలిసి చూడటం అనడం ఎందుకు? నీకు కావాల్సింది అత్తయ్య పక్కన కుర్చీయా, మిషను పక్కన చోటా?

పట్టిన పట్టు వదలవని తెలుసు కనుక వేరే కేబుల్ పార్సెల్ చేశాను. ఇందులో రాగి కాదు, వెంట్రుక లాంటి గాజు పోగులున్నాయి. వాటిలో వెలుగు పరిగెడుతుంది, ఎంత దూరమైనా అలసిపోదు. దీంతో జాగ్రత్తలు రెండే. ఒకటి, గట్టిగా మడవకూడదు, గాజు కదా. రెండు, వెలుగు ఇందులో ఒకవైపే పోతుంది. కేబుల్ మీద బాణం గుర్తుంటుంది. బాణం తోక బొమ్మ బయల్దేరే చోట ఉండాలి, మొన బొమ్మ చేరే చోట ఉండాలి. వెలుగు సంగతి నీకు నేను చెప్పేదేముంది, నువ్వే చూసుకుంటావు.

నీ ప్రశ్నలపుట్ట


మార్చి 24

మేనకోడలికి,

పార్సెల్ అందింది. అడక్కుండా పంపినందుకు సంతోషం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఉత్తరంలో ఉన్న సుఖం అదని నేనే అన్నాను, కష్టం కూడా అదేనని ఇప్పుడు తెలిసింది. నాలుగుసార్లూ అదే మాట దగ్గర ఆగాను. బాధపడ్డాను. దాచడం దేనికి.

ఎందుకని అడక్కు అన్నాను, చెప్పుకోవడానికి సిగ్గేసి. ఇప్పుడు చెప్తాను. మిషను నా కళ్లెదుట ఉంటే నా చెయ్యి ఊరుకోదు. బొమ్మ అంచు కాస్త పలచబడినట్టు అనిపిస్తే లేస్తాను, ఫ్యాను చప్పుడు మారితే లేస్తాను. లేచానంటే మళ్లీ కూర్చోను. నా సంగతి నాకు తెలుసు. అందుకే దానికీ నాకూ మధ్య గోడ పెట్టుకున్నాను. సినిమా మొదలయ్యాక వెనకగది తలుపుకి గొళ్లెం వేస్తాను, తీయనని మీ అత్తకి మాటిచ్చాను. పైగా దాని ఫ్యాను హోరులో నాకున్న ఒక్క చెవికీ మాటలు వినబడవు.

పెట్టె ముందుగదిలో ఎందుకంటే, రిమోట్ నొక్కితే అది పెట్టెకి కనబడాలి కదా. పెట్టె వెనకగదిలో పెడితే ఆపాలన్నా, నడపాలన్నా నేను లేచి వెనక్కి వెళ్లాలి. అప్పుడు నువ్వన్నది నిజమవుతుంది. కుర్చీలోంచి లేవకుండా ఉండటానికే నాకు పదిహేను మీటర్లు కావాల్సి వచ్చింది. నువ్వేమో నేను పారిపోవడానికి అనుకున్నావు.

సరే, పని సంగతి. మన వీధి చివర కరెంటు పనిచేసే అతన్ని పిలిచి గోడలో వెడల్పాటి పైపు వేయించాను, మూలల్లో మెత్తగా వంపు తిప్పమన్నాను. అందులోంచి నీ గాజు కేబుల్ లాగించి పైన పూత కూడా పూయించాను. బాణం నువ్వు చెప్పినట్టే చూసి పెట్టాను. మీ అత్త మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. మీట నొక్కాను.

ఏమీ లేదు. వాన కూడా లేదు. నల్లటి గోడ. మళ్లీ మళ్లీ నొక్కాను. చాలాసేపటికి మీ అత్త, "పోనీలెండి, లైటు వెయ్యండి, చీకట్లో ఎందుకు" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతే సంగతులు.

మామయ్య


ఏప్రిల్ 2

మామయ్యకి,

నన్ను ప్రశ్నలపుట్ట అనకుండా మేనకోడలా అన్నావు. అక్కడే అర్థమైంది ఎంత కోపమొచ్చిందో.

అడిగి తెలుసుకోవాల్సింది పోయి నేనే జవాబు కల్పించుకున్నాను. తప్పు నాదే. మిషను నుంచి తప్పించుకోవడానికి గోడ కట్టుకున్న ఆపరేటరు ఉంటాడని నాకు తట్టలేదు. మీటింగు గదుల్లో నేనెప్పుడూ తీగల పొడవు చూస్తాను, కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో చూడను. నీ ఉత్తరం చదివాక నిన్న పనిచేస్తున్న గదిలో ఊరికే ఒక కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను. బిగించిన తెర ముందు కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

నల్లటి గోడ సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. పంపే ముందు ఇక్కడ పరీక్ష చేశాను, బాగానే పనిచేసింది. దారిలో పార్సెల్ మీద ఏదైనా బరువు పడి గాజు విరిగిందా? పైపు వంపులో నలిగిందా? కరెంటతను గట్టిగా లాగాడా? ప్రొజెక్టరుకి ఒకటికన్నా ఎక్కువ చోట్ల కేబుల్ పెట్టే వీలుంటే, నువ్వు పెట్టిన చోటే దాని రిమోట్‌తో ఎంచుకున్నావా? పాత రాగి కేబుల్ నేల మీద పరిచి మళ్లీ పెట్టి చూడు. దానితో వాన పడుతూ అయినా బొమ్మ వస్తే మిగతావన్నీ బాగున్నట్టే, లోపం గాజు కేబుల్‌దే. అప్పుడు ఇంకొకటి పంపుతాను.

గోడ మాత్రం పగలగొట్టించకు, నా జవాబు వచ్చేదాకా ఆగు. గాజు కేబుల్ ఏ కొస ఎక్కడుందో, బాణం ఎటు చూస్తోందో కళ్లారా చూసి రాయి. అత్తయ్య ఏమంటోంది?

కోపం ఇంకా ఉంటే ఉంచుకో, జవాబు మాత్రం రాయి.

మేనకోడలు


ఏప్రిల్ 12

ప్రశ్నలపుట్టకి,

కోపం మొన్ననే పోయింది. నువ్వు కుర్చీ లాక్కుని కూర్చున్నానని రాసిన చోట పోయింది.

పాత కేబుల్ పరిచి చూశాను. వాన పడుతూ బొమ్మ వచ్చింది. అంటే లోపం గాజు కేబుల్‌దే. నేను మెత్తగానే తిప్పించాను, ఎవరూ గట్టిగా లాగలేదు. కరెంటతను వచ్చి తల గోక్కుని, "లోపలెక్కడో విరిగుంటుందండీ, గోడ కొట్టాల్సిందే" అన్నాడు. నీ మాట మీద ఆపాను.

బాణం విషయంలో నువ్వు బెంగపడక్కర్లేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు రాశావు గానీ, వెలుగు ఎటు నుంచి ఎటు పోతుందో నాకు ఒకరు చెప్పాలా? నేను బతికిందే దాని మీద. వెలుగు పుట్టేది మిషన్లో, పడేది తెర మీద. అందుకని బాణం తోక వెనకగదిలో ప్రొజెక్టరుకి పెట్టాను, మొన ముందుగదిలో తెర కింద ఉన్న పెట్టెకి పెట్టాను. కరెంటతను తిరగేసి పెట్టబోయాడు కూడా. "ఆగవయ్యా, సినిమా ఎప్పుడైనా తెర నుంచి మిషనుకి పోతుందా?" అని మందలించి నేనే సరిచేశాను.

మీ అత్త ఏమంటోందని అడిగావు. ఏమీ అనడం లేదు, అదే నా దిగులు. నిన్న నేను బజారు నుంచి వచ్చేసరికి కుర్చీ ఒకటి మడిచి గోడకి ఆనించి ఉంది. కుట్టు టేపు పట్టుకుని ఆ చోటు కొలుస్తోంది. "ఊరికే కొలుస్తున్నాను లెండి" అంది. ఎండలు ముదురుతున్నాయి, గడువు మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంత వయసొచ్చాక ఆవిడ అడగక అడగక అడిగిన ఒక్కటి నా చేతుల మీదుగా జరక్కపోతే నాకు మనసు కుదుటపడదు.

ఇంకో కేబుల్ పంపు. లేదా నేను వదిలేయాలంటే ఆ మాటైనా రాయి.

ఇట్లు,
మడిచిన కుర్చీ పక్కన కూర్చుని,
మామయ్య


ఏప్రిల్ 19

మామయ్యకి,

వదిలేయకు. గోడ కొట్టించకు. ఇంకో కేబుల్ కూడా అక్కర్లేదు. నీ కేబుల్ విరగలేదు, శుభ్రంగా ఉంది. బాణం తిరగబడింది, అంతే.

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే విప్పాను. బాణం దగ్గరికి వచ్చేసరికి అక్కడే కూలబడి నవ్వాను, ఆ వెంటనే తల బాదుకున్నాను. ఎందుకంటే తప్పు నీది కాదు. గాజులో వెలుగు పరిగెడుతుందని నీకు చెప్పింది నేను, ఆ పైన నువ్వే చూసుకుంటావని వదిలేసింది నేను. వెలుగు అని చెప్తే నువ్వు దాన్ని మిషన్లో కాక ఇంకెక్కడ వెతుకుతావు? ఈ భూమ్మీద ఇంకెవరూ ఈ పొరపాటు చేయరు మామయ్యా. చేయాలంటే అన్నేళ్లు క్యాబిన్‌లో నిలబడి ఉండాలి.

ఇలా ఆలోచించు. మన హాల్లో మిషను వెలుగునిచ్చేది, నిజమే. కానీ బొమ్మ ఎక్కడుండేది? రీలులో. ఖాళీ మిషను వెలిగిస్తే తెర మీద తెల్లటి చదరం తప్ప ఏం పడేది? చిన్నప్పుడు నేనడిగితే నువ్వే చెప్పావు, "రీలు రాకపోతే నేనూ మిషనూ ఇద్దరం గోళ్లు గిల్లుకోవడమే" అని. ఇప్పుడు ఆ రీలు ప్రొజెక్టరులో లేదు, తెర కింద స్టూలు మీదున్న పెట్టెలో ఉంది. బొమ్మ అక్కడ బయల్దేరి, గోడలోంచి వెనకగదికి నడిచి, ప్రొజెక్టరులో దూరి, అక్కణ్ణుంచి గాల్లోంచి మళ్లీ తెర మీదికి వస్తుంది. కేబుల్లో ముందు నుంచి వెనక్కి, గాల్లో వెనక నుంచి ముందుకి. నువ్వు చెప్పిన బాణం గాల్లో పోయే వెలుగుకి. నేను చెప్పింది గోడలో పోయేదానికి.

కాబట్టి తోక పెట్టెకి, మొన ప్రొజెక్టరుకి. కేబుల్ మొత్తం బయటికి లాగి, తిప్పి, మళ్లీ దూర్చాలి. పైపు వెడల్పుగా ఉందన్నావు కనుక వస్తుంది. మెల్లగా చెయ్యి, మెలిపడనివ్వకు. మిషను చక్రాల మధ్య ఫిలిం ఎక్కించినట్టు అనుకో.

కరెంటతనికి నా తరఫున ఒక టీ ఇప్పించు. ఆ మడిచిన కుర్చీ ఇప్పుడే విప్పు, కేబుల్ తరవాత.

ఒక్క ప్రశ్న: ఏ సినిమా చూడాలో అనుకున్నారా?

నీ ప్రశ్నలపుట్ట


మే 3

ప్రశ్నలపుట్టకి,

ముందు కుర్చీ విప్పాను.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. బాణం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే ఇన్నాళ్లూ మీరు సినిమాని తిరిగి ఆ పెట్టెలోకే పంపుతున్నారన్నమాట" అంది. నేనూ నవ్వేశాను. రీలు మాట నాకు నేనే చెప్పుకోవాల్సింది, ఎలా తట్టలేదో.

కరెంటతను టీ తాగాడు గానీ, కేబుల్ మీద చెయ్యి వెయ్యనన్నాడు, విరిగితే తన మీదికి వస్తుందని. దాంతో మేమిద్దరమే పూనుకున్నాం. కేబుల్ కొసకి పురికొస కట్టాం. ఆవిడ ముందుగదిలో, నేను వెనకగదిలో, మధ్యలో గోడ. ఆవిడ అరిస్తే నాకు వినబడదు కదా. అందుకని తాడు ఒకసారి గుంజితే ఆగమని, రెండుసార్లు గుంజితే లాగమని అనుకున్నాం. హాల్లో కౌంటరు నుంచి ఆవిడ క్యాబిన్‌కి బెల్లు కొట్టేది, జనం ఇంకా వస్తున్నారు ఆగమంటే ఒక మోత, షో మొదలుపెట్టమంటే రెండు. అది తలుచుకుంటూ లాగాను. కేబుల్ పాములా బయటికొచ్చింది. తిప్పి, తలలు వేళ్లతో పట్టుకుని, మళ్లీ పంపాను. ఫిలిం ఎక్కించిన చేతులు ఇంకా పనికొస్తాయి.

బొమ్మ వచ్చింది. వాన లేదు, మాయమవడం లేదు. వెనకగదికి గొళ్లెం వేసి వచ్చాను. నేను ఎడమ కుర్చీలో, మీ అత్త కుడి కుర్చీలో, నా వినబడే చెవి వైపు.

ఏ సినిమా అని అడిగావు. హాల్లో ఎక్కువ రోజులు ఆడినదే ఆవిడ ఎంచుకుంది. పేర్లు పడుతుంటే, "ఇంతమందా?" అని ఆశ్చర్యపోయింది. పేర్లు పడటం ఆవిడ చూడనే లేదు కదా. మొదటి సీనులో ఒక చిన్నపిల్ల తప్పిపోతుంది. మీ అత్త గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. "ఆ అన్న తరిమేది ఈ పిల్ల కోసమా? నేను అప్పు వసూలుకనుకున్నాను" అంది. ఇన్నేళ్లూ వాణ్ణి తిట్టుకుందట. పాపం, ఎంత బాధపడిందో ఆ రాత్రంతా. మధ్యలో రెండుసార్లు నా కాళ్లు లేవబోయాయి. బొమ్మకి ఏమీ కాలేదు, అలవాటు మీద. రెండుసార్లూ మణికట్టు మీద పట్టు బిగిసింది. ఒకసారి గుంజితే ఆగమని.

తరుముడు మొదలవగానే ఆవిడ రిమోట్ తీసుకుని ఆపేసింది. ఏమైందన్నాను. "నేను లోపలికి వచ్చేది ఇక్కడికే. ఇక్కణ్ణుంచి నాకు తెలుసు. రేపు ఇంకో సినిమా మొదలు చూద్దాం" అంది.

మొదటి నుంచి చివరి దాకా ఒక్క సినిమా అని ఇంత తిప్పలు పడితే ఇలా అయింది. ఒక్క క్షణం ఉసూరుమన్నాను. తర్వాత నాకు ఒక మాట తోచింది, ఎలా తోచిందో తెలియదు. "నీకు తెలుసు గానీ నాకు తెలియదు. ఆఖరి రీళ్లప్పుడు నేను ముందు రీళ్లు వెనక్కి చుట్టుకుంటూ ఉండేవాణ్ణి, తెర వైపు చూసేంత తీరిక ఎక్కడిది? చివరికి ఏమవుతుంది?" అన్నాను.

అబద్ధం. ఆ సినిమా ముగింపు నాకు కంఠతా వచ్చు. కన్నంలోంచి ఎన్నిసార్లు చూశానో. అబద్ధమని ఆవిడకీ తెలుసేమో, అడగలేదు.

చెప్పడం మొదలుపెట్టింది. ఆగిపోయిన బొమ్మ వెలుగులో, చేతులు తిప్పుతూ, మధ్యలో "ఆగండి, అది కాదు, ముందు ఇది జరుగుతుంది" అని సర్దుకుంటూ చెప్పింది. పిల్ల ఎలా దొరికిందో, అన్న ఏమన్నాడో, జనం ఎక్కడ ఏడ్చారో, వెనక వరసలో ఎవరు ఎక్కడ ముక్కు చీదారో. అవి క్యాబిన్‌లోకి ఎప్పుడూ వినబడలేదు నాకు. కుడి చెవితో ఒక్క మాట పోకుండా విన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

అప్పటి నుంచి రోజూ ఇదే వరస. తెర మీద మొదలు చూస్తాం, ముగింపు ఆవిడ చెప్తుంది. కుట్టుమిషను వెనకగదిలోకి చేరింది, ప్రొజెక్టరు పక్కన.

వీలు చూసుకుని రా. మూడో కుర్చీ ఉంది. కానీ మీ అత్త చెప్పే ముగింపు నాకు తెలుసన్నట్టు మొహం పెడితే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
ఎడమ కుర్చీలోంచి,
మీ మామయ్య